బందర్ అబ్బాస్‌లో రెండేళ్లు

ఐదింటికి వస్తామన్నారు. ఇప్పుడు నాలుగూ ఇరవై. నన్ను మాత్రం మూడున్నరకే తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది మా ఆవిడ తూబా. సోఫాలో కూర్చుంటే వెనక్కి జారగిలబడతానట, జారగిలబడితే కళ్లు మూతలు పడతాయట, కళ్లు మూతలు పడితే చూసేవాళ్లు ఇంకేదో అనుకుంటారట. నేను నల్లమందు ముట్టి నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు నిద్రొస్తేనే కళ్లు మూతలు పడతాయి, అందరికీ పడ్డట్టే, కానీ ఈ ఇంట్లో నాకు నిద్ర రావడం కూడా ఒక నేరమే. మెడ దగ్గరి గుండీ పెట్టించింది, ఊపిరాడటం లేదు. టీ తాగేటప్పుడు చక్కెర బిళ్ల నోట్లో పెట్టుకుని మాట్లాడకూడదు. మోకాలు ఆడించకూడదు. ముక్కు గోక్కోకూడదు, ఎందుకంటే ముక్కు గోక్కునేవాళ్లెవరో మా కెర్మాన్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. అబ్బాయి తండ్రి శంసద్దీనీ గారు రిటైరైన పంతులు, ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాడు, గట్టిగా మాట్లాడకూడదు. అబ్బాయి తల్లి అఖ్తర్ ఖానమ్ అన్నీ గమనించే మనిషి, ఎక్కువసేపు ఊరుకోకూడదు కూడా. గట్టిగా మాట్లాడకుండా, ఊరుకోకుండా, ఆడకుండా, గోక్కోకుండా, నవ్వుతూ కూర్చోవాలి. పద్దెనిమిది చక్రాల ట్రైలర్ తోలడం ఇంతకంటే తేలిక.

"ఇంకోసారి చెప్పు. ఆ రెండేళ్లు ఎక్కడున్నావు?" వంటింట్లోంచి అడుగుతోంది తూబా, దోసకాయలు కడుగుతూ.

"బందర్ అబ్బాస్‌లో."

"ఏం చేసేవాడివి?"

"రేవులో సరుకు దింపించేవాణ్ణి."

"దింపించేవాణ్ణి అనకు, కూలీ అనుకుంటారు. సూపర్‌వైజర్ అను."

సూపర్‌వైజర్. సరే. ఊళ్లు కరువయ్యాయా ఈమెకు? షీరాజ్ ఉంది, అహ్వాజ్ ఉంది, మష్హద్ ఉంది, దేశం నిండా ఊళ్లే, పోయి పోయి బందర్ అబ్బాస్ పట్టుకుంది. ఐదేళ్ల క్రితం చుట్టుపక్కలవాళ్లు మీ ఆయన కనబడటం లేదేమని అడిగినప్పుడు ఆమె నోటికి వచ్చిన ఊరు అదట, ఇక దాన్నే పట్టుకు వేలాడుతోంది. ఆ పేరు వింటే నాకేమవుతుందో ఆమెకు తెలియదా? తెలుసేమో. తెలిసే అందేమో. అడిగితే కదా తెలిసేది. మేం అడగం. ఈ ఇంట్లో అన్నం పెట్టనా అని అడుగుతాం, కరెంటు బిల్లు వచ్చిందా అని అడుగుతాం, అంతకంటే లోపలికి ఎవరూ అడుగు పెట్టం.

కాళ్లు తిమ్మిరెక్కి లేచి బాత్రూమ్‌కి వెళ్లాను. మొహం మీద నీళ్లు చల్లుకున్నానో లేదో, తలుపు మీద రెండు దెబ్బలు. ఏం చేస్తున్నావని అడుగుతుంది. బాత్రూమ్‌లో ఏం చేస్తారు అంటాను. చాలాసేపైంది అంటుంది. అద్దంలో నా కంటిపాపలు చూసుకున్నాను, ఎప్పటి అలవాటో, సూదిమొనల్లా లేవు, మామూలుగా, ముసలి మేక కళ్లలా ఉన్నాయి. ఆమెనూ అనలేను. పద్దెనిమిదేళ్లు ఆ తలుపు అవతల నిలబడ్డ మనిషి. మొదట్లో టీలో కరిగించి తాగేవాణ్ణి, తర్వాత కుంపటి, గొట్టం, అన్నీ చేరాయి, చివరికి పొద్దున్న ఈ బాత్రూమ్‌లో ఒక ఉండ మింగితే తప్ప చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితి. అయినా నాలుగేళ్లు తక్కువా? నాలుగేళ్లలో ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, తలుపు కొట్టకుండా ఉండొచ్చు కదా? ఆ మాట బయటికి అనలేదు. తలుపు తీసి నవ్వాను. ఆమె నా కళ్లలోకి చూసింది, పాపల్ని కొలిచింది, తప్పుకుంది. నా కళ్లలోకి తూబా చూసేది కొలవడానికే.

మళ్లీ అదే కుర్చీ. సమానె వచ్చి నా కాలర్ సర్ది వెళ్లింది. "నాన్నా, నువ్వు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు," అని గొంతు తగ్గించి చెప్పింది. ప్రేమతోనే అంది పాపం. ఇరవై నాలుగేళ్ల పిల్ల, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఈ అబ్బాయి మీలాద్ అక్కడే పరిచయం, మంచివాడిలాగే కనిపిస్తాడు. కానీ ఇంట్లో ఒకరు మాట్లాడమంటారు, ఒకరు మాట్లాడొద్దంటారు, మందు మాన్పించే శిబిరంలోవాళ్లేమో మాట్లాడితేనే బతుకుతావంటారు. ఆ శిబిరం మాహాన్ రోడ్డులో, ఒకప్పుడు కోళ్లఫారం, గోడల్లో ఇంకా ఆ వాసన ఉండేది. ఇరవై ఎనిమిది రోజులు, చన్నీళ్లు, ఎముకల్లో చీమలు పాకినట్టు నొప్పి, ఆ నొప్పితో వణుకుతూ కూర్చుంటే గడ్డం కూడా సరిగ్గా రాని ఒక కుర్రాడు కాగితం పట్టుకొచ్చేవాడు. దాని మీద గుండ్రటి ముఖాలు, ఒకటి నవ్వుతూ, ఒకటి ఏడుస్తూ, ఒకటి కోపంగా, ఇరవై దాకా ఉంటాయి, ఈరోజు మీ ముఖం ఏది, వేలు పెట్టి చూపించండి హెష్మత్ ఆఘా అనేవాడు. నలభై ఏడేళ్ల ట్రైలర్ డ్రైవర్ని, మీసాలున్న మనిషిని, బొమ్మల మీద వేలు పెట్టాలట. ఆకలి బొమ్మ లేదేం అని అడిగాను. ఆకలి భావోద్వేగం కాదు అన్నాడు. మొదటిసారి పారిపోయింది అందుకే అని చెప్పుకుంటూ ఉంటాను, అబద్ధం, పారిపోయింది నల్లమందు కోసమే, కానీ ఆ కాగితం చూస్తే కూడా పారిపోవాలనిపించేది. నిజం చెప్పాలంటే నాకు ఏ ముఖమూ తెలియలేదు. వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆ ముఖాలన్నీ మనుషులకు నిజంగానే ఒక్కరోజులో వచ్చిపోతుంటాయని నాకెవరూ చెప్పలేదు. నాకుండేవి రెండే, మందు పడ్డ ముఖం, మందు పడని ముఖం.

రెండోసారి శిబిరం నుంచి వచ్చాక తూబా ఇంట్లోకి రానివ్వలేదు. ఏడాది మానితే చూద్దాం అంది. బజార్లో రాగిపాత్రలకు కళాయి వేసే మాషాల్లా దుకాణం వెనక గదిలో పడుకున్నాను ఆ ఏడాదంతా, వాడు మానేసి అప్పటికి పదకొండేళ్లు, మందు మానేసినవాళ్ల సమావేశాల్లో వాణ్ణి నాకు దారి చూపేవాడిగా పెట్టారు. ఆ గది, ఆ శిబిరాలు, ఇదంతా కలిపితే నా బందర్ అబ్బాస్. మాషాల్లా అడిగే పద్ధతి వేరు. చేతిలో పనుంటుంది, మొహం చూడడు. బూడిదతో గిన్నె రుద్దుతూ, "నల్లమందుకు ముందు ఏముండేది?" అనేవాడు. ట్రైలర్ ఉండేది అన్నాను. "ట్రైలర్ ఇప్పుడూ ఉంది రోడ్ల మీద, అది తోలేవాళ్లందరూ తినడం లేదు. దానికి ముందు?" నాకు ఒళ్లు మండేది. ఏమీ లేదన్నాను. వారం పోయాక మళ్లీ అదే. నెల పోయాక మళ్లీ అదే. ఏడు నెలలకు, వాడి నోరు మూయించడానికే, "నాకు ఒక కొడుకు ఉండేవాడు, చాలా?" అన్నాను. వాడు రుద్దడం ఆపలేదు. "పేరు?" అన్నాడు. పేరు నా నోట రాలేదు. దుకాణం షట్టర్ పట్టుకుని నిలబడ్డాను, రెండక్షరాల పేరు, బయటికి రాదే. మూడు రోజుల తర్వాత మసీదు కింది గదిలో, కాగితం కప్పుల్లో టీ తాగుతున్న ముప్పై మంది మగవాళ్ల ముందు, ఎవరి ఇంటిపేరూ నాకు తెలియని వాళ్ల ముందు, ఆ పేరు చెప్పాను. పూయా. వాళ్లు చప్పట్లు కొట్టారు, వాళ్ల అలవాటది, ఎవరేం చెప్పినా కొడతారు. ముప్పై మందికి చెప్పగలిగాను, వాణ్ణి కన్న మనిషికి చెప్పలేను. తిరిగొచ్చి మూడేళ్లుగా ఆ మనిషి పక్కనే తింటున్నాను, పడుకుంటున్నాను.

ఇరవై రెండేళ్లయింది. అప్పుడు సెల్‌ఫోన్లెక్కడివి. బందర్ అబ్బాస్ రేవులో సరుకు కోసం వరసలో ఉన్నాను, నా ముందు నలభై లారీలు, చెమటకు సీటు నానిపోయే వేడి, ట్రైలర్ నీడలో కింద పడుకుని పేకాడుతున్నాం. ఆఫీసు గుమాస్తా ఒకడు వచ్చి ఇంటి నుంచి ఫోనొచ్చింది, త్వరగా రమ్మన్నారు అన్నాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. అతని ముఖం చూస్తే తెలిసినట్టే ఉంది, కానీ అతను చెప్పలేదు, నేను రెట్టించలేదు. వరస వదిలి రాలేక ఇంకో పూట ఆగాను. ఆ పూట మిగతా ఆట ఆడాను. హాజీయాబాద్ దాటి, సీర్జాన్ దాటి, ఇల్లు చేరేసరికి మూడో రోజు, గుమ్మం మీద నల్లగుడ్డ కట్టి ఉంది. ముసలివాడైన మా నాన్న కోసమేమో అనుకున్నాను. ఆ నాన్నే ఎదురొచ్చి గుమ్మంలో నా రెండు భుజాలూ పట్టుకున్నాడు, ఆయన వేళ్లు ఎముకలోకి దిగాయి, ఇంకా ఉన్నాయి అక్కడే. "నీ పిల్లాడు పోయాడు. మెదడువాపు. ఖననం అయిపోయింది. నీ పెళ్లాం లోపలుంది, ఆమె ముందు ఏడిస్తే ఆమె చచ్చిపోతుంది, విన్నావా, మొగవాడివి, నిలబడు," అన్నాడు. నిలబడ్డాను. ఇరవై రెండేళ్లుగా నిలబడే ఉన్నాను నాన్నా, వచ్చి చూడు, ఎంత బాగా నిలబడ్డానో. లోపలికెళ్తే తూబా గోడకానుకుని ఉంది, పాలు తాగే వయసు దాటని సమానె ఒడిలో నిద్రపోతోంది. నన్ను చూసింది. ఏదో అంటాననుకుంది. నేను అన్నం తిన్నావా అని అడిగాను.

పదో రోజు మళ్లీ రోడ్డెక్కాను. సీర్జాన్ దగ్గర టీ కొట్టు ముసలాడు నా మొహం చూసి ఏమీ అడగకుండా శనగగింజంత ముక్క గ్లాసులో వేసి కలిపాడు. అరగంట తర్వాత గొంతులో అడ్డంపడ్డది మెల్లగా కిందికి జారిపోయింది. ఎక్కడికి పోయిందో నేను అడగలేదు. సుఖం కోసం తిన్నానని అందరూ అంటారు, మా అత్తగారు పోయేదాకా అదే అంది, సుఖం ఎవడికి కావాలి, నాకు కావలసింది ఇంటికొచ్చినప్పుడు తూబా ముఖం చూడగలగడం. మందు పడితే చూడగలిగేవాణ్ణి, నవ్వగలిగేవాణ్ణి, చాలా మంచివాణ్ణి ఆ రోజుల్లో, ఎవరి మీదా గొంతెత్తేవాణ్ణి కాదు. ఒకసారి వచ్చేసరికి అల్మారా మీది ఫోటో లేదు. ఇంకోసారి వచ్చేసరికి వాడి చిన్న సైకిల్ లేదు. తూబా నా కోసం తీసేసిందనుకున్నాను, ఆమె నా కోసం, నేను ఆమె కోసం, ఇద్దరం కలిసి పిల్లాణ్ణి ఇంట్లోంచి ముక్కలు ముక్కలుగా బయటికి మోసేశాం. సమానెకు పదేళ్లప్పుడు వాళ్ల మేనత్త చెప్పిందట, నీకో అన్న ఉండేవాడని. ఆ పిల్ల కూడా మమ్మల్ని ఏమీ అడగలేదు. ఎవరు నేర్పారో మరి.

ఐదూ పావుకు బెల్ మోగింది. నా మోకాలు ఆడుతోంది, చేత్తో అదిమి లేచాను. ఇక మొదలు. గుమ్మంలో మీరు ముందు అంటే మీరు ముందు, అయ్యో తమరుండగా నేనా, పెద్దవారు మీరు, ఇల్లు మీది, ముగ్గురూ బయటా మేం ఇద్దరం లోపలా అలా ఎంతసేపు నిలబడ్డామో, మీలాద్ చేతిలో పూలగుత్తీ స్వీటు డబ్బా అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. శంసద్దీనీ గారు సన్నగా పొడుగ్గా ఉంటాడు, కళ్లజోడు ముక్కు చివర్న. అఖ్తర్ ఖానమ్ కూర్చుంటూనే తివాచీ అంచు వేలితో తిప్పి ముడులు చూసింది, ఎంత బాగుందో అంది, మీదే అనుకోండి అంది తూబా, మీ ఇంట్లో ఉంటేనే దానికి అందం అంది ఆవిడ. నేను నవ్వుతున్నాను. దవడలు నొప్పెడుతున్నాయి. పండ్లు తీసుకోండి, అయ్యో ఎందుకు శ్రమ, శ్రమేముంది, పళ్లెం నాలుగుసార్లు గది చుట్టూ తిరిగి వచ్చింది, ఒక్క ద్రాక్షపండు కదల్లేదు. సమానె టీ తెచ్చింది, చేతులు వణకలేదు, నా కూతురు. తర్వాత అనుకున్నట్టే శంసద్దీనీ గారు నా వైపు తిరిగాడు. "తమరు బందర్ అబ్బాస్‌లో కొంతకాలం ఉన్నారని విన్నాను. మంచి ఊరు. ఏ వైపు ఉండేవారు?"

"రేవు వైపు," అన్నాను.

"కొత్త రేవా, పాతదా?"

"మా ఆయన కొత్త దాంట్లోనే," అంది తూబా. "సూపర్‌వైజర్‌గా. రెండేళ్లూ ఒక్క సెలవు పెట్టలేదంటే నమ్మండి."

"అంటే పడమటి వైపు. అక్కణ్ణుంచి ద్వీపం కనిపిస్తుందా?"

కనిపిస్తుంది అన్నాను, కనిపిస్తుందో లేదో నాకేం తెలుసు, నేనక్కడ చూసింది లారీ కింద నీడే. తూబా చెబుతూ పోతోంది, అక్కడి ఉక్కపోత గురించి, రొయ్యల గురించి, నేను ఆమెకు రోజూ ఫోన్ చేసేవాణ్ణట, ఎంత చక్కగా చెబుతోందో, ఆ రెండేళ్లు నాకే చూడాలనిపించాయి. అదిగో, అప్పుడు వచ్చింది. నాలుక కింద ఆ చేదు. ఎన్ని నెలలైందో రాక. దుఃఖం వస్తే వస్తుందనుకుంటారు అందరూ, దుఃఖానికి రాదు, ఇలా నవ్వుతూ కూర్చున్నప్పుడే వస్తుంది, మెడ దగ్గరి గుండీ బిగుసుకున్నప్పుడు, ఒక శనగగింజంత ఉంటే ఈ ముఖం దానంతటదే నవ్వుతూ ఉంటుంది కదా, నేను పట్టుకోనక్కర్లేదు కదా అని. ఎక్కడ దొరుకుతుందో తెలుసు. వీధి చివర, పది నిమిషాల నడక. గాలి పీల్చుకొస్తానని లేస్తే చాలు. మాషాల్లా అంటాడు, అది వచ్చినప్పుడు దాన్ని చూడకు, దాని వెనక ఏముందో చూడు అని. చూడటానికి టైమెక్కడిదిరా, ఇక్కడ ద్వీపం గురించి అడుగుతున్నారు.

అఖ్తర్ ఖానమ్ గ్లాసు కింద పెట్టింది. పాపం ఏ దురుద్దేశమూ లేదు, ఎవరైనా అడిగే మాటే. "సమానె ఒక్కతేనా మీకు? ఇంకెవరూ లేరా?"

"ఒక్కతే," అంది తూబా. "దేవుడు అంతే ఇచ్చాడు."

ఆ మాట నేను ఇంతకుముందు ఎన్నిసార్లు విన్నాను. పెళ్లిళ్లలో, బడిలో, అద్దె ఇళ్ల దగ్గర. విన్న ప్రతిసారీ లేచి వెళ్లి ట్రైలర్ ఇంజిన్ చూస్తున్నట్టు నటించేవాణ్ణి, అందులోనే ఉండేది నా డబ్బీ. ఇప్పుడు బయట ట్రైలర్ లేదు. అమ్మేశాను. లేచి ఎక్కడికి వెళ్లను? కోపమొచ్చింది, కాగితం మీది ఏ ముఖంలోనూ లేనంత కోపం. తూబా మీద కాదు, మా నాన్న మీద కూడా కాదు, ఆ రేవులో మిగతా ఆట ఆడినవాడి మీద.

"ఇంకొకడు ఉండేవాడు," అన్నాను. "మగపిల్లాడు. పూయా. సమానె కంటే పెద్దవాడు. ఆరేళ్లప్పుడు పోయాడు."

తూబా నా వైపు చూడలేదు. లేచి, పళ్లెం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అయిపోయింది అనుకున్నాను. పెళ్లి అయిపోయింది, నా కాపురమూ అయిపోయింది, ఇవాళ మళ్లీ మాషాల్లా గదిలో పడక. సమానె గోడ దగ్గర నిలబడి ఉంది, పెదవి కొరుక్కుంటూ, మీలాద్ నేల వైపు చూస్తున్నాడు, శంసద్దీనీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. కుళాయి తిప్పిన శబ్దం. కట్టేసిన శబ్దం. తర్వాత తూబా గుమ్మంలోకి వచ్చి నిలబడింది, పళ్లెం అలాగే చేతిలో.

"ఆరు కాదు," అంది. "ఆరేళ్ల నాలుగు నెలలు. నీకెలా తెలుస్తుంది, నువ్వు ఇక్కడ ఉంటే కదా."

అతిథుల ముందు నన్ను మీరు అనేది. ఆ సంగతే మర్చిపోయింది. ఆమె గొంతు పెరగలేదు, కానీ ఆగలేదు కూడా. సోమవారం జ్వరం వచ్చిందట. మంగళవారం మధ్యాహ్నానికి వాడు మెడ తిప్పలేకపోయాడట. ఒక చంకలో వాణ్ణి, ఒక చంకలో సమానెను ఎత్తుకుని రోడ్డు మీద నిలబడితే టాక్సీ దొరకలేదట, వంకాయలు మోసుకెళ్తున్న బండివాడు బస్తాలు దింపి వీళ్లను ఎక్కించుకున్నాడట. ఆసుపత్రిలో వాడి కాలికి ఒకే చెప్పు ఉందట, రెండోది ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదట. ఇవేవీ నాకు తెలియవు. ఇరవై రెండేళ్లుగా నేను తెలుసుకున్నది నాలుగే ముక్కలు, పోయాడు, మెదడువాపు, అయిపోయింది, నిలబడు. వింటూ ఉంటే నా నోట్లోంచి ఒక మాట వచ్చింది, నేను మింగిన ప్రతి ఉండా ఆ మాట మీద వేసిన మూతే.

"నన్ను అడిగాడా?"

"ఏమిటి?"

"నాన్న ఏడి అని. అడిగాడా వాడు?"

తూబా మొదటిసారి నా ముఖం చూసింది. కంటిపాపల్ని కాదు.

"అడగలేదు. మంగళవారం సాయంత్రం నుంచి వాడికి తెలివి లేదు. నన్ను కూడా గుర్తుపట్టలేదు." పళ్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అడిగాడనుకున్నావా ఇన్నాళ్లూ?"

"అవును."

"నన్ను అడగొచ్చు కదా," అంది. అలసిపోయిన మనిషి ఇంకో మెట్టు ఎక్కమంటే విసుక్కున్నట్టుగా అంది. "ఒక్కసారి అడగొచ్చు కదా, హెష్మత్. ఒక్క మాట. నువ్వు అడుగుతావని నేను చూస్తూనే ఉన్నాను, నువ్వేమో అన్నం తిన్నావా, అన్నం తిన్నావా." పళ్లెం బల్ల మీద పెట్టి అతిథుల వైపు తిరిగింది. "ఇంకో సంగతి. ఈయన బందర్ అబ్బాస్‌లో లేడు. నల్లమందు మాన్పించే శిబిరాల్లో ఉన్నాడు. మానేసి నాలుగేళ్లయింది. నాకు చెప్పే ఓపిక లేదిక, మీరు ఏమైనా అనుకోండి."

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, ముఖం మీద ఏదో వెచ్చగా పాకుతోంది, మెడ దగ్గర బిగుసుకున్న కాలర్‌లోకి జారుతోంది. తుడుచుకోవాలని తోచలేదు. మాషాల్లా గదిలో కూడా నేను ఏడవలేదు. ఏడుపు ఇలా ఉంటుందని నాకు గుర్తు లేదు, చప్పుడు లేకుండా, ముక్కు కారుతూ, అసహ్యంగా, ఒక పంతులి కుటుంబం ముందు. ఆశ్చర్యమేమిటంటే నాలుక కింది చేదు పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. శంసద్దీనీ గారు జేబురుమాలు తీసి నా మోకాలి మీద పెట్టాడు. "ఆ రేవు నుంచి ద్వీపం కనిపించదేమో అని నాకు అనుమానంగానే ఉంది," అన్నాడు నెమ్మదిగా, నన్ను తప్పు పట్టడానికి కాదు, ఏం మాట్లాడాలో తెలియక. మీలాద్ తల ఎత్తాడు. "నాకు తెలుసు," అన్నాడు. "సమానె నాకు ఎప్పుడో చెప్పింది." అఖ్తర్ ఖానమ్ కొడుకు వైపు చూసిన చూపు చూస్తే ఇంటికెళ్లాక వాడికి ఉంటుందనిపించింది. తర్వాత ఆవిడ, "మా చిన్న తమ్ముడు," అని మొదలుపెట్టి, "వాడు శిబిరానికి వెళ్లలేదు. వెళ్లమని మేం ఎవరం అనలేదు, అంటే బయటికి తెలుస్తుందని," అంది. అంతకంటే చెప్పలేదు. ఎవరో అడగబోతే చెయ్యి అడ్డంగా ఊపింది. కళ్లు ఒత్తుకుని, తల మీది చాదర్ సర్దుకుని, "సమానె, అమ్మా, ఆ స్వీటు డబ్బా ఇంకా విప్పలేదేం? నోరు తీపి చేసుకోకుండా పంపించేస్తారా?" అంది. సమానె డబ్బా తాడు విప్పలేక పళ్లతో కొరికింది. ఖర్జూరం కూరిన బిళ్ల నా చేతిలో పెట్టినప్పుడు ఆ పిల్ల వేళ్లు మంచులా ఉన్నాయి.

వాళ్లు వెళ్లేటప్పుడు గుమ్మంలో మళ్లీ మీరు ముందు, మీరు ముందు, కానీ ఈసారి తొందరగా తేలింది. సమానె వాళ్లను వీధి దాకా దింపడానికి వెళ్లింది. నేను గ్లాసులు పోగుచేసి వంటింట్లోకి తీసుకెళ్లాను. తూబా కడుగుతోంది, నేను గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను, ఆమె వద్దనలేదు. ఆమె మీద కోపం ఉందా నాకు? ఉంది. నువ్వు మాత్రం చెప్పొచ్చు కదా, అడిగేదాకా ఆగాలా? ఆ మాటా అన్నాను. "ఆగాను," అంది. "తప్పే. నువ్వు విరిగిపోతావని మీ నాన్న అన్నాడు. నీ ముందు ఏడవొద్దన్నాడు." నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇద్దరికీ ఒకే మాట చెప్పి వెళ్లాడు ఆ ముసలాయన. చచ్చినవాణ్ణి తిట్టకూడదు, అయినా తిట్టాను, లోపల కాదు, పైకే, తూబా వినేటట్టు. ఆమె పెదవి ఒక పక్క కదిలింది. ఇంకో గ్లాసు కడిగింది.

"శుక్రవారాలు మా అక్క ఇంటికి వెళ్తున్నాననేగా నువ్వనుకునేది?"

"అవును."

"అక్క యజ్ద్‌కి మారిపోయి తొమ్మిదేళ్లయింది."

ప్రతి శుక్రవారం పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని వెళ్తుంది, పదింటికల్లా తిరిగొస్తుంది, చెప్పుల నిండా మట్టి. కుంపటి రోజుల్లో ఆమె అలా వెళ్లడమే నాకు కావలసింది, ఇల్లు నాదయ్యేది. మానేశాక నిద్రపోయేవాణ్ణి. ఏడో రోజు ఒక్కసారి అందరితో కలిసి వెళ్లాను వాడి సమాధి దగ్గరికి, మనుషుల వీపులు తప్ప ఏమీ చూడలేదు.

"రేపు నేనూ వస్తాను," అన్నాను.

"ఆరింటికి బయల్దేరతాను. ఎండెక్కేదాకా ఆగను. నువ్వు లేవవు."

"లేపు."

ఆమె కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. ఇరవై రెండేళ్లలో నా కోసం ఏదైనా చెయ్యమని ఆమెను అడగడం అదే మొదటిసారేమో, నాకూ అప్పుడే తెలిసింది.

"అదీ నేనే చెయ్యాలి," అంది తూబా విసుగ్గా, తడి గ్లాసు నా చేతిలో పెడుతూ.